మీకు తెలుసా? వెనక్కి జారడమే వీళ్ల ఉద్యోగం

ఐస్ హాకీ డిఫెండర్‌కు ముందుకు దూసుకెళ్లడం కన్నా వెనక్కి జారడం బాగా రావాలి. ఎదుటి జట్టు ఫార్వర్డ్ పక్‌తో (రబ్బరు బిళ్లతో) మీదికొస్తుంటే వీపు తిప్పకుండా, అతని వేగానికి సమంగా వెనక్కి జారుతూ, స్టిక్ చాపి మెల్లగా గోడ వైపు తోసెయ్యాలి. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని మూలకు నెట్టినట్టే. చూపు పక్ మీద కాదు, ఎదుటివాడి ఛాతీ మీద ఉండాలంటారు కోచ్‌లు. చేతులు బోల్తా కొట్టిస్తాయి, ఛాతీ అబద్ధమాడదు!

మంచు పడని ఊళ్లో ఈ విద్య ఎక్కడ నేర్చుకుంటారంటారా? షాపింగ్ మాల్‌లో. గురుగ్రామ్ యాంబియెన్స్ మాల్ పై అంతస్తులో ఐస్కేట్ అనే రింక్ ఉంది. బయట మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరినా లోపల ఐస్ చెక్కుచెదరదు. రింక్ అడుగున పైపుల్లో అతిచల్లటి ద్రవం తిరుగుతుంటుంది. పైన నీళ్లు పలచగా చల్లి, గడ్డకట్టాక మళ్లీ చల్లి, పొర మీద పొర పేరుస్తారు. జాతీయ జట్టు ఆటగాళ్లు కూడా ఇక్కడ సాధన చేసినవాళ్లే. చిక్కల్లా కొలతతోనే. అంతర్జాతీయ రింక్ పొడవు 60 మీటర్లు, మాల్ రింక్ దానికన్నా చిన్నది. గోల్‌కీపర్‌కు పెద్ద ఇబ్బంది లేదు, ఫార్వర్డ్ ఎలాగో సర్దుకుంటాడు. ఎదుటివాడికీ తనకూ మధ్య ఎంత ఎడం ఉంచాలన్న అంచనా మీదే బతికే డిఫెండర్‌కు మాత్రం, చిన్న చోట అలవాటైన లెక్క పెద్ద రింక్‌లో పనికిరాదు.

గోల్స్ లెక్కలో డిఫెండర్ ఉద్యోగం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. కెనడా డిఫెండర్ ఆండ్రూ ఫెరెన్స్‌ను 1997 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) పిట్స్‌బర్గ్ జట్టు 208వ ఆటగాడిగా తీసుకుంది. అంత కింద ఎంపికైనవాళ్లలో చాలామంది పేర్లు మళ్లీ వినపడవు. ఫెరెన్స్ మాత్రం నేషనల్ హాకీ లీగ్‌లో 907 మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన గోల్స్ 43, అంటే ఇరవై మ్యాచ్‌లకు ఒకటి కూడా లేదు. అయినా 2011లో బోస్టన్‌తో ఆ లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచాడు, తర్వాత ఎడ్మంటన్‌కు కెప్టెన్ అయ్యాడు. 2018 ఆరంభంలో, ఒలింపిక్ విజేత హేలీ వికెన్‌హైజర్‌తో కలిసి లద్దాఖ్ వచ్చి అక్కడి పిల్లలకు ఆట నేర్పాడు.

ఆ బోస్టన్ జట్టు కెప్టెన్ జ్డెనో చారా కూడా డిఫెండరే. ఎత్తు 206 సెంటీమీటర్లు. 2012లో ఆల్‌స్టార్ పోటీలో అతను కొట్టిన పక్ గంటకు 175 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. పక్ అంటే 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల, అదీ ఎగరకుండా ఉండాలని ముందే ఫ్రీజర్‌లో పెట్టింది. దానికి అడ్డంగా ఒళ్లు పెట్టడం కూడా డిఫెండర్ డ్యూటీలో భాగమే!

మన దేశంలో ఈ ఆటతోనే పొట్ట పోసుకునే ప్రొఫెషనల్ లీగ్ లేదు. జీతం ఇచ్చేది సైన్యమో, సరిహద్దు దళమైన ఐటీబీపీయో. లద్దాఖ్‌లో తొలితరం ఆటగాళ్లు మిలిటరీ బూట్లకు ఇనప బ్లేళ్లు బిగించుకుని, గడ్డకట్టిన చెరువుల మీద ఆడారు. భారత పురుషుల జట్టు 2009లో అబుదాబిలో తొలి అంతర్జాతీయ టోర్నీ ఆడింది. 2016లో బరిలోకి దిగిన అమ్మాయిల జట్టు, 2025 ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చేసింది.

మరి మనవాళ్లో? హాకీ కాదుగానీ, ఐస్ మీద తెలుగు పేరు లేకపోలేదు. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో, షార్ట్ ట్రాక్ స్కేటింగ్ 500 మీటర్ల స్వర్ణం తెలంగాణ అమ్మాయి తాళ్లూరి నయనశ్రీది. ఎండలకు పేరుమోసిన రాష్ట్రం నుంచి వెళ్లి, చలికి పుట్టిల్లయిన ఊళ్లో గెలిచింది మరి!