ఈవీలు పెరిగితే కరెంటు సరిపోతుందా? అసలు చిక్కు సాయంత్రం ఏడింటికే!

పెట్రోల్ ఖర్చు భరించలేక ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఆటోల వైపు చూస్తున్న కుటుంబాలు ఎక్కువవుతున్నాయి. మరి అందరూ బండ్లను ప్లగ్గుకు పెడితే దేశంలో కరెంటు చాలుతుందా?

మామూలు ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ సుమారు 3 యూనిట్లది. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపితే ఫుల్ ఛార్జ్‌కు మూడున్నర యూనిట్లు కాలుతుంది. నెలకు పదిసార్లు పెడితే 35 యూనిట్లు. ఇలాంటి స్కూటర్లు 10 లక్షలు ఉన్నా ఏడాదికి 42 కోట్ల యూనిట్లే. దేశం ఏడాదికి వాడేది లక్షన్నర కోట్ల యూనిట్ల పైమాటే. అంటే చెరువులో చెంబెడు నీళ్లు!

చిక్కంతా టైమ్‌తోనే. 2024 మే 30న దేశంలో కరెంటు డిమాండ్ 2.5 లక్షల మెగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. పగటి డిమాండ్‌కు సోలార్ ఆదుకుంటుంది. పొద్దు గూకగానే సోలార్ ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు ఆన్ అవుతాయి. పని ముగించుకొని వచ్చినవాళ్లు బండిని ఛార్జింగ్‌కు పెట్టేది కూడా అప్పుడే. స్కూటర్ ఛార్జర్ లాగేది ఏసీలో సగమే కాబట్టి దానితో పెద్ద భయం లేదు. కారు సంగతి వేరు. 7 కిలోవాట్ల హోమ్ ఛార్జర్ ఒక్కటే నాలుగైదు ఏసీలతో సమానం. అలాంటి కార్లు 10 లక్షలు ఒకేసారి ప్లగ్ అయితే 7 వేల మెగావాట్ల లోడ్ పడుతుంది.

2013 డిసెంబర్ 31 నుంచి దక్షిణాది గ్రిడ్ కూడా దేశ గ్రిడ్‌తో కలిసిపోయింది కాబట్టి ఒకచోట తగ్గితే ఇంకోచోటి నుంచి కరెంటు తెచ్చుకోవచ్చు. గల్లీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ సౌకర్యం లేదు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద పది కార్లు రాత్రి ఎనిమిదింటికి ఛార్జింగ్ మొదలుపెడితే 70 కిలోవాట్లు వాటికే పోతుంది. ఇక ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, మోటార్ల మాటేమిటి? దేశంలో కరెంటు ఉన్నా బస్తీలో ఫ్యూజు ఎగిరిపోయేది ఇందుకే.

అందుకే కేంద్రం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు కరెంటును సగటు సరఫరా ఖర్చులో 70 శాతానికి, మిగతా వేళల్లో 130 శాతానికి ఇవ్వాలని చెప్పింది. పగలు మధ్యలో కాసేపు ఖాళీ దొరికే ఆటోవాలాలకు ఇది పనికొచ్చే మాటే, దగ్గర్లో స్టేషన్ ఉంటే. ఇంటి మీటర్‌కు వేళను బట్టి రేటు మారాలంటే స్మార్ట్ మీటర్ కావాలి. అది లేనిచోట రాత్రి 11 దాటాక ఛార్జ్ చేస్తే బిల్లు తగ్గదు గానీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఊపిరాడుతుంది.

తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే కుటుంబాలు ఇంకో లెక్క వేసుకోవాలి. నెలకు 180 యూనిట్లు వాడే ఇంట్లోకి స్కూటర్ వస్తే మీటర్ 215కి చేరుతుంది. 200 దాటిన నెలలో కట్టాల్సింది ఆ పైన 15 యూనిట్లకు కాదు, మొత్తం బిల్లు.