హైటెక్ సిటీలో ఏడు సాయంత్రాలు: జాజ్, ప్రపంచ సంగీతం, మర్ఫా

సంగీతం టికెట్టు కొన్నవారికే పరిమితం కాకూడదని, నేర్చినవారూ నేర్చుకుంటున్నవారూ అందరూ వీధుల్లోకి వచ్చి ఉచితంగా వినిపించాలని 1982లో ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ తలపెట్టిన ఉత్సవమే నేడు జూన్ 21న అనేక దేశాలు జరుపుకుంటున్న ప్రపంచ సంగీత దినోత్సవం. జాజ్‌కు వేరే రోజు ఉంది: పియానో విద్వాంసుడు హెర్బీ హాంకాక్ చొరవతో యునెస్కో 2011లో ఏప్రిల్ 30ని అంతర్జాతీయ జాజ్ దినోత్సవంగా ప్రకటించింది. హైదరాబాద్‌లో జూన్ ఉత్సవానికి అలయన్స్ ఫ్రాన్సేజ్ వంటి సంస్థలు ఆసరాగా నిలిచాయి. ఇప్పుడు జూన్ 21 చుట్టూ ఉన్న వారంలో మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల కెఫేలు, హోటళ్లు, మాల్‌లు, కంపెనీల ప్రాంగణాలు కూడా చిన్నవో పెద్దవో కచేరీలు ఏర్పాటు చేస్తున్నాయి. చలికాలంలోనైతే 2004 నుంచి సాగుతున్న కృష్ణాకృతి కళోత్సవం, సూఫీ గాయకులనూ జానపద గాయకులనూ ఒకే వేదికమీదికి తెచ్చే రూహానియత్ వంటివి నగరానికి మరికొన్ని మంచి సాయంత్రాలు ఇస్తున్నాయి.

ఐటీ కారిడార్‌కు సంగీతం ఆలస్యంగా వచ్చిన అతిథి అనుకోవడం సరికాదు. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించేనాటికే, 1992లో ఏర్పడిన శిల్పారామం ఆ బండరాళ్ల నేలమీద చేతివృత్తులకూ జానపద కళలకూ చోటు కల్పించింది. 2,000కు పైగా ప్రేక్షకులు కూర్చోగల శిల్పకళా వేదిక తరువాత దాని పక్కనే వచ్చింది. 2019లో మెట్రో రైలు ముందు హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది రాయదుర్గం దాకా రావడంతో నగరం తూర్పు వైపున ఉండే శ్రోతకు కూడా ఈ ప్రాంతపు కచేరీ అందుబాటులోకి వచ్చింది.

అయితే ఇక్కడి వారానికి ఒక ప్రత్యేకమైన నడక ఉంది. అమెరికా, ఐరోపా ఖాతాదారులతో పనిచేసే ఉద్యోగికి సాయంత్రమే ఫోన్ సమావేశాల వేళ కాబట్టి, పనిదినాల్లో కచేరీకి వచ్చేవారి సంఖ్య తక్కువ. శుక్ర, శనివారాల్లో జనం బాగా వస్తారు గాని ఆ రెండు రాత్రులూ సాధారణంగా అందరికీ తెలిసిన సినిమా పాటలు పాడే బృందాలకో, రికార్డు సంగీతం వినిపించే డీజేలకో దక్కుతాయి. జాజ్‌కు, కొత్త స్వరరచనలకు, పరిచయంలేని దేశాల వాద్యాలకు మంగళ, బుధ, గురువారాలు మిగులుతాయి. ఇది పైకి లోటుగా కనిపిస్తుంది. నిజానికి పనిదినాన తీరిక చేసుకుని వచ్చిన నలభై మంది వినడానికే వస్తారు, వాద్యకారుడు కూడా ఆ రాత్రి సాహసం చేయగలడు. జాజ్ బతికేది ఆ సాహసం మీదే.

జాజ్ 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో రూపుదిద్దుకుంది. బానిసలుగా తరలించబడిన ఆఫ్రికా ప్రజల వారసులు తమ లయజ్ఞానాన్ని, దుఃఖాన్ని పాడుకునే బ్లూస్ పాటలను, చర్చి గీతాలను, సైనిక బ్యాండ్ల బాకా వాద్యాలను కలిపి దాన్ని తయారు చేశారు. కర్ణాటక సంగీతం విన్నవారికి దాని నిర్మాణం తేలికగానే అర్థమవుతుంది. మొదట బృందమంతా కలిసి అసలు బాణీని వాయిస్తుంది. తరువాత ఒక్కొక్కరూ వంతులవారీగా, ఆ బాణీ కాలప్రమాణం చెదరకుండా, అప్పటికప్పుడు కొత్త స్వరాలు అల్లుతారు. చివర మళ్లీ అందరూ బాణీకి చేరుకుంటారు. కృతి పాడి, నెరవల్ చేసి, కల్పనస్వరాలు వేసి తిరిగి పల్లవిని అందుకోవడం తెలిసిన శ్రోతకు ఇది కొత్త దారి కాదు. డ్రమ్స్ వాయించే కళాకారుడికి ప్రత్యేకంగా వదిలే సమయం మన మృదంగ విద్వాంసుడి తనియావర్తనం లాంటిదే. ఒక్కొక్కరి అల్లిక ముగియగానే చప్పట్లు కొట్టడం జాజ్ సభామర్యాద. మన సభల్లో రాగాలాపన తరువాత వయొలిన్ విద్వాంసుడు తన వంతు ముగించగానే వచ్చే మెచ్చుకోలు కూడా అటువంటిదే.

తేడా మరోచోట ఉంది, శ్రద్ధగా వినవలసిందీ అక్కడే. కర్ణాటక కచేరీలో తంబురా శ్రుతి మొదటి నుంచి చివరి దాకా మారదు. గాయకుడి స్వేచ్ఛ అంతా రాగం గీసిన హద్దుల్లోనే సాగుతుంది. జాజ్‌లో పియానో, గిటార్ వాయించేవారు కార్డులు, అంటే మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మోగించే స్వరగుచ్ఛాలు, వరుసగా మారుస్తూ పోతారు. బాణీ అల్లేవాడు మారిన ప్రతి గుచ్ఛానికీ తగిన స్వరాన్ని క్షణంలో ఎంచుకోవాలి. బ్లూస్ పద్ధతిలో 12 తాళ విభాగాలు, విభాగానికి నాలుగు దెబ్బల చొప్పున 48 దెబ్బలకు ఒక ఆవర్తనం పూర్తవుతుంది. వేళ్లమీద తాళం వేసుకుంటూ ఆ ఆవర్తనాన్ని పట్టుకున్న శ్రోతకు సాక్సోఫోన్ ఎక్కడ నుంచి బయలుదేరి ఎక్కడ దిగుతోందో తెలిసిపోతుంది. 1950ల చివర మైల్స్ డేవిస్ వంటివారు కార్డుల మార్పులు బాగా తగ్గించి ఒకే స్వరశ్రేణి మీద చాలాసేపు నిలిచే పద్ధతిని ముందుకు తెచ్చారు. ఆ విధంగా జాజ్ రాగ సంగీతానికి మరింత చేరువైంది. జాన్ కోల్‌ట్రేన్ భారతీయ సంగీతాన్ని ఆసక్తితో పరిశీలించి తన రచన ఒకదానికి ‘ఇండియా’ అని పేరు పెట్టడమే కాక, కొడుకుకు రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆయన భార్య, పియానో, హార్ప్ విదుషీమణి ఆలిస్ కోల్‌ట్రేన్ పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలై కాలిఫోర్నియాలో నెలకొల్పిన ఆశ్రమానికి సాయి అనంతం అని పేరుపెట్టి, అక్కడ సంస్కృత భజనలను చర్చి గీతాల ఉద్వేగంతో పాడించింది.

తెలుగు నేల నుంచి జాజ్ వేదిక దాకా సాగిన ప్రయాణాల్లో అన్నింటికన్నా గొప్పది మాండొలిన్ శ్రీనివాస్‌ది. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు. మాండొలిన్ వాయించడం ఎరగని ఆ గురువు నోటితో పాడి చెప్పిన పాఠాన్ని శిష్యుడు తంత్రులమీద పలికించుకున్నాడు. తీగను మీటగానే ధ్వని ఆరిపోయే ఆ వాద్యంమీద గమకం నిలవదనుకునే కాలంలో, విద్యుత్ సాయంతో ధ్వనిని నిలిపే అయిదు తీగల మాండొలిన్‌తో దాన్ని సాధించి చూపాడు. ఇంకా మీసాలు రాని వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి మెప్పించాడు. గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుసేన్ 1970లలో నడిపిన శక్తి బృందాన్ని 1990ల చివర ‘రిమెంబర్ శక్తి’గా పునరుద్ధరించినప్పుడు అందులో చేరి ప్రపంచమంతా తిరిగాడు. 2014లో 45 ఏళ్లకే కన్నుమూశాడు. పదేళ్ల తరువాత, 2024లో, శక్తి బృందపు ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం దక్కింది. జాజ్ మనకు సంబంధంలేని విద్య అని తెలుగు శ్రోత అనుకుంటే, పాలకొల్లు పిల్లవాడి మాండొలిన్ ఒక్కటి వింటే చాలు, ఆ అభిప్రాయం మారిపోతుంది.

ప్రపంచ సంగీతం అనే విభాగం జాజ్‌లాగా ఒక సంగీత పద్ధతి కాదు. 1987లో లండన్‌లో కొందరు రికార్డు కంపెనీలవారు సమావేశమై, దుకాణాల్లో ఏ అరలోనూ ఇమడని ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా సంగీతాలను ఒకచోట పెట్టి అమ్ముకోవడానికి ఆ పేరును వాడాలని నిర్ణయించారు. పాశ్చాత్యేతరమైనదంతా ఒకే గంపలో వేయడం అన్యాయమని విమర్శలు వచ్చాక గ్రామీ సంస్థ 2020లో ఆ బహుమతి పేరును ‘గ్లోబల్ మ్యూజిక్’గా మార్చింది. హైదరాబాద్ శ్రోత ఈ చర్చలోకి దిగే ముందు తన ఊళ్లోనే ఉన్న మర్ఫాను వినాలి. ఆఫ్రికా సంతతివారైన సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యాల్లో పనిచేశారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్విక దళం ఉన్నచోటే ఇప్పటి ఏసీ గార్డ్స్. అరబ్బు సైనికుల బారకాసులున్నచోటే ఇప్పటి బార్కాస్. వారి వెంట వచ్చిన మర్ఫా డప్పులు నేటికీ పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో మోగుతాయి. తోలు కాచి బిగించిన వాద్యాలు, వాటికి తోడు కర్రలతో, లోహపు పాత్రలతో వేసే అడ్డదరువులు, ఒక దరువుమీద మరో దరువు పేర్చి ఉద్ధృతి పెంచే తీరు వింటుంటే, ఆఫ్రికా లయ ఒక తోవన న్యూ ఆర్లీన్స్‌కు, మరో తోవన మూసీ ఒడ్డుకు వచ్చిందని తెలుస్తుంది. ఈ రెండు వారసత్వాలను ఒకే సాయంత్రం పక్కపక్కన వినిపించడానికి హైదరాబాద్ కన్నా తగిన భారతీయ నగరం దొరకడం కష్టం. అయినా హైటెక్ సిటీ వేదికల కార్యక్రమాల్లో మర్ఫాకు, వార్సీ సోదరుల ఖవాలీకి, తెలంగాణ పల్లెల డప్పుకు దక్కుతున్న చోటు చాలా తక్కువ. ఇది సరిదిద్దుకోవలసిన లోపం.

లోపం నిర్వాహకుల అభిరుచిది మాత్రమే కాదు, వసతులది కూడా. పెద్ద కచేరీకి శిల్పకళా వేదిక ఉంది, గచ్చిబౌలి స్టేడియం ఉంది, గోల్కొండకు దగ్గరలో కుతుబ్‌షాహీల కాలపు తారామతి బారాదరిలో ఆరుబయలు రంగస్థలం ఉంది. కాని నూరు నూటయాభై మంది కూర్చుని, గ్లాసుల చప్పుడు లేకుండా, మైకు అవసరం అంతగా లేకుండా వినగలిగే చిన్న గది కావాలి. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అటువంటి చోటు ఎంత మేలు చేయగలదో చూపింది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. సభాభవనాల వంటి మూసిన ప్రాంగణాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇరుగుపొరుగు నిద్రను కాపాడే ఈ నియమం న్యాయమైనదే. దాని ఫలితంగా ఆరుబయలు కచేరీ ఏడు గంటలకల్లా మొదలు కావాలి. సరిగ్గా ఆ వేళకే బయోడైవర్సిటీ కూడలిలో, మైండ్‌స్పేస్ దారుల్లో వాహనాలు కదలవు. తలుపులు మూసుకోగల చిన్న హాలు ఉంటే కచేరీ ఎనిమిదిన్నరకు మొదలుపెట్టవచ్చు, శ్రోతలు తీరిగ్గా రావచ్చు.

ఖర్చుల సంగతి కూడా పాఠకుడు తెలుసుకోదగినది. సంగీత కచేరీ ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ ఉండదు కాబట్టి చిన్న కచేరీలకు ఆ ధర అనుకూలం. ఇతరులు కట్టిన పాటలను బహిరంగంగా వినిపించాలంటే స్వరకర్తల హక్కులు చూసే సొసైటీ నుంచి అనుమతి పొంది రుసుము కట్టాలి. మన చట్టంలో ఆ హక్కు స్వరకర్త మరణానంతరం 60 ఏళ్లు నిలుస్తుంది. 1974లో మరణించిన డ్యూక్ ఎల్లింగ్టన్ స్వయంగా కట్టిన బాణీలకు 2034 చివరి దాకా ఆ హక్కు ఉంటుంది. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజు కృతిని సాక్సోఫోన్ మీద వాయించి దానికి జాజ్ కార్డులు జతచేసే బృందానికి ఏ అనుమతీ అక్కరలేదు. స్వంత రచన చేసుకున్నవారి సంగతి ఇంకా మేలు. తెలుగు జానపద బాణీని జమైకా దీవి రెగే లయతో కలిపిన హైదరాబాద్ బృందం చౌరస్తా ఆ దారిలో నడిచి తెలుగు యువతను ఆకట్టుకుంది; ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తరువాత సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్నాడు. ఇటువంటి బృందాలకు శనివారం రాత్రి సినిమా పాటల నడుమ అరగంట ఇవ్వడం కాక, వారం మధ్యలో ఒక సాయంత్రం పూర్తిగా ఇచ్చి, మరుసటి సాయంత్రం బార్కాస్ మర్ఫా కళాకారులను, ఆ తరువాతి రోజు ఒక జాజ్ చతుష్టయాన్ని అదే గదిలో కూర్చోబెట్టి, వారికి తగిన పారితోషికం ముందే చెల్లించే వారం ఒకటి మాదాపూర్‌లో ఏటా జరగాలి. దానికి కావలసిన కళాకారులూ శ్రోతలూ మెట్రో దూరంలోనే ఉన్నారు.