కౌంటరు వేరు, వంటవాడు వేరు: బొమ్మలు గీసే ఏఐపై అపోహలు, వాస్తవాలు

నరసరావుపేటలో మా బావమరిదికి ఫ్లెక్సీల షాపు ఉంది. మొన్న దసరాకి వెళ్లినప్పుడు, “బావా, ఆ బొమ్మలేసే ఏఐని మన కంప్యూటర్లోనే పెట్టుకోవచ్చట కదా, నెలనెలా డబ్బు కట్టే పని లేకుండా?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే షాపులో ఉన్న నలుగురూ నాలుగు రకాలుగా చెప్పేశారు. అందులో నిజం పావు వంతు కూడా లేదు. ఆ సాయంత్రం విన్నవాటిలో ముఖ్యమైనవి ఇవి.

ముందొక మాట. 2022 ఆగస్టులో స్టెబిలిటీ ఏఐ సంస్థ ‘స్టేబుల్ డిఫ్యూజన్’ అనే మోడల్‌ను ఎవరైనా దించుకునేలా బయటపెట్టింది. మ్యూనిక్ యూనివర్సిటీ పరిశోధకులూ రన్‌వే సంస్థవాళ్లూ అందులో పాలుపంచుకున్నారు. కొద్ది రోజులకే ‘ఆటోమేటిక్1111’ అనే మారుపేరుతో ఒకాయన దానికి బ్రౌజర్లో నడిచే వెబ్ యూఐ రాసి గిట్‌హబ్‌లో పెట్టాడు. బొమ్మ వేసేది మోడల్. వెబ్ యూఐ ఆర్డరు తీసుకునే కౌంటరు మాత్రమే, వంటవాడు లోపల ఉంటాడు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం దగ్గరే సగం అపోహలు పుడుతున్నాయి.

అపోహ: కోడింగ్ రానివాళ్లు దాని జోలికి పోకూడదు.

ఒక్క లైను కూడా రాయక్కర్లేదు. పైథాన్, గిట్ ఇన్‌స్టాల్ చేసి, ఫోల్డర్ దించుకుని, అందులో ‘వెబ్‌యూఐ-యూజర్’ అనే బ్యాచ్ ఫైలు మీద రెండు క్లిక్కులు కొట్టడమే. కావాల్సింది ఓపిక, చెప్పింది చెప్పినట్టు చేసే బుద్ధి. ఆ రెండోది నాకు లేక ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. పైథాన్ 3.10.6 వేయమని స్పష్టంగా రాసి ఉంది. కొత్తదైతే ఇంకా మంచిది కదా అని అప్పటికి వచ్చిన తాజా వెర్షన్ వేశాను. నల్ల విండోలో ‘టార్చ్‌కి తగిన వెర్షన్ దొరకలేదు’ అని ఎర్రర్. తీసేసి పాతది వేశాను, ఈసారి ఇన్‌స్టాలర్ మొదటి పేజీలో అడుగున ఉండే ‘పాత్’ గడిలో టిక్ పెట్టడం మరిచాను. మళ్లీ మొదటికి.

మొదటిసారి నడిపినప్పుడు అది కొన్ని జీబీల సరుకు దించుకుంటుంది. తెర కదలదు. ఆగిపోయిందనుకుని విండో మూసేసేవాళ్లే ఎక్కువ. మూయకండి, వెళ్లి అన్నం తిని రండి. ఇంకోటి, పాత యూట్యూబ్ వీడియోల్లో మోడల్ కూడా తనంతట తనే వచ్చేస్తుందని చెబుతారు. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5ని రన్‌వే సంస్థ 2024 ఆగస్టులో మోడళ్లు దించుకునే హగ్గింగ్ ఫేస్ సైటు నుంచి తీసేసింది కాబట్టి ఆ పాత లింకులు పనిచేయవు. మోడల్ ఫైలు విడిగా తెచ్చుకుని ‘మోడల్స్’ ఫోల్డర్లో ‘స్టేబుల్-డిఫ్యూజన్’ అని ఉన్నచోట మీరే పెట్టుకోండి. ఫ్లక్స్ లాంటి తర్వాతి మోడళ్లు కావాలంటే ఆటోమేటిక్1111 కాదు, దాన్నుంచే పుట్టిన ‘ఫోర్జ్’ గానీ, విడిగా తయారైన ‘కంఫీయూఐ’ గానీ వాడాలి.

అపోహ: బ్రౌజర్లో తెరుచుకుంటుందంటే మన బొమ్మలన్నీ నెట్‌లోకి పోతున్నట్టే.

అడ్రస్ బార్ చూడండి. 127.0.0.1:7860 అని ఉంటుంది. మొదటి నాలుగు సంఖ్యలూ మీ కంప్యూటర్‌కి మీ కంప్యూటరే పెట్టుకున్న చిరునామా. మన ఇంటి తలుపు మనమే లోపలి నుంచి తట్టుకోవడం లాంటిది. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ కేబుల్ పీకేసినా బొమ్మ వస్తుంది, షాపులో పీకి చూపించాను కూడా. అయితే ‘షేర్’ ఆప్షన్ పెట్టి నడిపితే బయటివాళ్లకూ తెరుచుకునే లింకు పుడుతుంది. ‘లిజన్’ పెడితే అదే వైఫైలో ఉన్న ఎవరైనా లోపలికి రావచ్చు. హాస్టల్ వైఫై మీద ఉన్న కుర్రాళ్లు ఈ రెండింటి జోలికీ పోకపోతే మేలు.

అపోహ: ర్యామ్ 16 జీబీ ఉంటే చాలు. లేదంటే లక్ష రూపాయల కార్డు కొనాల్సిందే.

రెండూ తప్పే. చూడాల్సింది మామూలు ర్యామ్ కాదు, గ్రాఫిక్స్ కార్డులో ఉండే మెమరీ. ఎన్‌విడియా కార్డులో 4 జీబీ ఉంటే 1.5 మోడల్ నడుస్తుంది. తక్కువ మెమరీతో నడిపే ఆప్షన్లున్నాయి, కాకపోతే నెమ్మది. 2023 జూలైలో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్ ఫైలే ఆరు జీబీలు దాటుతుంది, దానికి 8 జీబీ కార్డు ఉంటే సుఖం. మన దగ్గర చాలా ల్యాప్‌టాపుల్లో జీటీఎక్స్ 1650 కార్డు ఉంటుంది. దాంతో ఒక తమాషా ఇబ్బంది వస్తుంది: అంతా సరిగ్గా నడిచి, చివర్లో బొమ్మ బదులు నల్లటి చదరం ప్రత్యక్షమవుతుంది. కార్డు పాడవలేదు. మెమరీ ఆదా కోసం చేసే 16 బిట్ల లెక్క ఆ రకం కార్డుల్లో తేడా కొడుతుంది. ‘నో-హాఫ్’ ఆప్షన్ చేరిస్తే సరిపోతుంది. కార్డే లేకపోతే ప్రాసెసర్ మీదా నడుస్తుంది గానీ, బొమ్మకి నిమిషాలు పడుతుంది. గూగుల్ వాళ్ల కంప్యూటర్లను నెట్ ద్వారా వాడుకునే ‘కోలాబ్’లో దీన్ని ఉచితంగా నడిపే దారిని 2023 ఏప్రిల్‌లోనే మూసేశారు.

అపోహ: నెట్‌లో ఉన్న ఫొటోలన్నీ లోపల దాచుకుని, ముక్కలు కోసి అతికిస్తుంది.

లెక్క వేద్దాం. మొదటి మోడళ్లకు ఆధారం లాయన్ అనే సేకరణలోని ఇంగ్లిష్ విభాగం, అందులో 230 కోట్ల బొమ్మల లింకులు ఉన్నాయి. మోడల్ ఫైలు సైజు 4 జీబీ. బొమ్మకి రెండు బైట్లు కూడా రావు. యూనికోడ్ (యూటీఎఫ్-8)లో ‘అ’ అన్న ఒక్క అక్షరం దాచడానికే మూడు బైట్లు కావాలి! అది నేర్చుకున్నది గజిబిజి చుక్కల నుంచి బొమ్మను బయటికి తీసే పద్ధతిని.

అలాగని కాపీయే ఉండదని కొట్టిపారేయలేం. సేకరణలో మళ్లీమళ్లీ వచ్చిన కొన్ని ఫొటోలను మోడల్ దాదాపు యథాతథంగా బయటపెట్టగలదని 2023లో పరిశోధకులు చూపించారు. మూడున్నర లక్షల బొమ్మలు పరీక్షిస్తే అలాంటివి వంద దాకా దొరికాయి. ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థ స్టెబిలిటీ ఏఐ మీద వేసిన కేసులో ఇంగ్లండ్ హైకోర్టు 2025 నవంబర్‌లో తీర్పిస్తూ, మోడల్‌ను ‘కాపీ’ అనలేమంది. బొమ్మల్లో గెట్టీ వాటర్‌మార్కులు తేలిన కొన్ని సందర్భాల్లో మాత్రం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన ఉందని చెప్పింది.

అపోహ: ఏ భాషలో అడిగినా అర్థం చేసుకుని, ఫ్లెక్సీకి తగ్గ బొమ్మ ఇస్తుంది.

మా బావమరిది ఆశలన్నీ దీనిమీదే. ‘గోదారి గట్టు మీద సంక్రాంతి ముగ్గు’ అని తెలుగులో కొట్టాడు. గోదారీ లేదు, ముగ్గూ లేదు, ఎవరో ఎక్కడో కూర్చున్నట్టు ఏదో వచ్చింది. 1.5లో మన మాటలు చదివే భాగం ఇంగ్లిష్ మీద పెరిగింది. తెలుగు అక్షరాలు దానికి బైట్ల ముక్కలు. ప్రాంప్టు (మనం కొట్టే మాటలు) పక్కన 75 దాకా లెక్క చూపించే కౌంటరు ఐదు మాటలకే ఎగబాకడం చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇంగ్లిష్ లిపిలో ‘ముగ్గు’ అన్నా లాభం లేదు, ‘రంగోలి’ అనాలి. ఇక బొమ్మలో ‘శుభాకాంక్షలు’ రాయమంటే జిలేబీ చుట్టలు వస్తాయి. ఆ అక్షరాలేవో ఫొటోషాప్‌లో మనమే వేసుకోవాలి.

సైజు మాటకొస్తే, 1.5 మోడల్ సహజంగా ఇచ్చేది 512 పిక్సెళ్ల బొమ్మ. ఆరడుగుల ఫ్లెక్సీ అంటే 72 అంగుళాలు, అంగుళానికి ఏడు పిక్సెళ్లు. ‘ఎక్స్‌ట్రాస్’ ట్యాబులో నాలుగింతలు పెంచితే 28 అవుతుంది. రోడ్డు అవతలి నుంచి చూసే ఫ్లెక్సీకి సర్దుకోవచ్చు, పెళ్లి కార్డుకైతే దర్జాగా సరిపోతుంది. కానీ పెంచేటప్పుడు లేని వివరాన్ని అది ఊహించి నింపుతుంది. నాయకుడి ముఖం పెంచితే పోలిక మారొచ్చు, ఆ తర్వాత వచ్చే గొడవ షాపువాళ్లది.

అపోహ: ప్రాంప్టు కొట్టేస్తే అదే బొమ్మ వస్తుంది. స్టెప్పులు పెంచితే ఇంకా బాగుంటుంది.

మోడల్, సీడ్ (మొదటి గజిబిజి చుక్కలను నిర్ణయించే సంఖ్య), శాంప్లర్ (ఆ చుక్కల్లోంచి బొమ్మ తీసే పద్ధతి), సైజు, స్టెప్పులు అన్నీ కలిస్తేనే అదే బొమ్మ. సీడ్ గడిలో -1 ఉంటే ప్రతిసారీ కొత్తదే. ఈ వివరాలన్నీ పీఎన్‌జీ ఫైల్లోనే రాసి ఉంటాయి, ‘పీఎన్‌జీ ఇన్ఫో’ ట్యాబులో వేస్తే కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చెరిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. స్టెప్పులు, అంటే బొమ్మను తేల్చే విడతలు, మామూలుగా 20 ఉంటాయి. 30 దాటాక పెరిగేది చాలావరకు కరెంటు బిల్లే.

అపోహ: మోడల్ అంటే బొమ్మల ఫైలే కదా, వైరస్ ఎలా వస్తుంది?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. పాత ‘సీకేపీటీ’ ఫైళ్లు ‘పికిల్’ అనే పద్ధతిలో భద్రపరిచినవి. పికిల్ అంటే ఊరగాయ. పేరుకు తగ్గట్టే జాడీలో ఏముందో మూత తీస్తేగానీ తెలియదు, తీసిన క్షణంలోనే అందులో దాచిన కోడ్ నడిచిపోగలదు. వెబ్ యూఐ కొంత తనిఖీ చేస్తుంది గానీ దాన్ని ఆపేసే ఆప్షనూ ఉంది. ‘సేఫ్‌టెన్సర్స్’ ఫైళ్లలో అంకెలు తప్ప నడిచే కోడ్ ఉండదు. వెబ్ యూఐకి అదనంగా చేర్చుకునే ఎక్స్‌టెన్షన్లతోనూ పికిల్ లాంటి ప్రమాదమే ఉంది. 2024 జూన్‌లో కంఫీయూఐ కోసం ఎవరో పెట్టిన ఒక ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్లోని పాస్‌వర్డులు దొంగిలిస్తున్నట్టు బయటపడింది.

ఫ్లెక్సీ షాపు కంప్యూటర్లోనే బ్యాంకు లాగిన్, కస్టమర్ల ఫొటోలు అన్నీ ఉంటాయి. టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికిన సీకేపీటీ ఫైళ్లు మీ దగ్గర ఏమైనా ఉంటే, తెరిచి చూడకుండా ఈ రాత్రికే డిలీట్ చేయండి.