చేనిగట్టున మొదలగు వైద్యము

గ్రామారోగ్యమును గూర్చి మాట వచ్చినపుడెల్ల మనవారు ఆసుపత్రులను లెక్కించుట పరిపాటి. మంచములెన్ని, వైద్యులెందరు, మందులు చేరుచున్నవా లేదా యని ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలు వలసినవే. కాని గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు పండించు పల్లెలకు వీనికంటె ముందుగ అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. అచటి కూలివాడు, కౌలురైతు, కలుపుతీయు స్త్రీ జబ్బుపడుచున్నది ఎచ్చట? ఇంటనా, చేనియందా? చేనియందే యైనచో వైద్యమును అచటనే మొదలుకావలెను. ఆ వైద్యమును చేయగలది ఊరే గాని మఱియొకరు కారని మేము విన్నవింపదలచినాము.

నలువది యేండ్లకు పైగా ఈ నేలల చరిత్రము పురుగుమందు చరిత్రముతో పెనవేసికొని యున్నది. 1980 ప్రాంతమున సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చినవి. మొదట వాని ధాటికి పురుగు నిలువలేదు. రైతు సంతసించి మఱింత చల్లెను. ఆ దశకము నడుమ తెల్లదోమ విజృంభించెను. 1987-88 పంటకాలమున శనగపచ్చ పురుగు ప్రత్తికాయలను తొలిచివేయుచుండ, ఎంత చల్లినను పురుగు చావదాయెను. ఆ పురుగు పైరెత్రాయిడ్లకు లొంగకుండుట మన దేశమున శాస్త్రజ్ఞులు తొలుత గుర్తించినది ఆంధ్రదేశపు చేలలోనే. అప్పులపాలైన ప్రత్తిరైతులు ఈ జిల్లాలలో ప్రాణములు తీసికొన్న వార్తలు ఆనాడు దేశమును కలచివేసినవి. 2002లో బీటీ ప్రత్తి వచ్చి కాయతొలుచు పురుగు బాధ కొంత తగ్గినను, రసము పీల్చు పురుగులు పోలేదు. కొన్ని యేండ్లకు గులాబిరంగు పురుగు బీటీకిని అలవాటుపడెను. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలపై బడినపుడు, మందుమీద మందు చల్లియు ఫలము గానక ఎందరో రైతులు తోటలను దున్నివేసిరి.

పురుగు మందునకు అలవాటుపడినది. మనుష్యశరీరము మాత్రము అలవాటుపడలేదు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు నరముల పనికి ఆధారమైన ఎసిటైల్‌కోలినెస్టరేస్ అను ఎంజైమును స్తంభింపజేయును. పురుగునందును మనుష్యునందును నరములను నడపునది ఈ జాతి ఎంజైమే గనుక ఆ విషమునకు వారిరువురి యెడ భేదము లేదు. చల్లినవానికి తలతిరుగును, చెమట పట్టును, వాంతియగును, చూపు మసకబారును, కండరములు అదరును. మితిమీరినచో ఊపిరియే నిలుచును. డబ్బాపై ఎఱ్ఱ త్రికోణమున్నచో అది అత్యంత తీవ్రమైన విషమనియు, పసుపుపచ్చనిదైనచో దానికి తరువాతిదనియు గుర్తు. ఆ గుర్తును విప్పిచెప్పువారు పల్లెలో ఎందరు? పెక్కుచోట్ల మందు అమ్మువాడే సలహాదారు, అరువిచ్చువాడును అతడే. భాద్రపదపు ఉక్కలో ముక్కునకు గుడ్డయైన నిలువదు, రబ్బరు తొడుగుల మాట యెట్లున్నను.

ఈ బాధను లెక్కకు దెచ్చినవారు వైద్యులు కారు, పల్లె స్త్రీలు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పల్లెలలో 50 మంది ప్రత్తి సాగుచేయు స్త్రీలు, తమకును తమ యింటి పురుషులకును మందు చల్లిన దినమున కలిగిన బాధలను తామే వ్రాసి యుంచిరి. పంటకాలము ముగియునప్పటికి 323 సందర్భములు నమోదయ్యెను. వానిలో నూటికి 84 వంతుల సందర్భములలో విషలక్షణములు కానవచ్చినవి. మఱియొక సత్యమును బయటపడినది. మందు చల్లువాడు పురుషుడే యైనను, చిక్కని మందును నీట కలిపి డబ్బా నింపి యందించు స్త్రీకిని అంతటి ప్రమాదమే. తీవ్రమైన బాధలు పెద్ద కమతములవారికంటె పేద రైతులకే మిక్కుటముగ కలిగెను. 2005లో ఈ పరిశీలన అచ్చయ్యెను. ఆసుపత్రి రిజిస్టరు కెక్కని జబ్బును ఆడువారి వ్రాత పట్టియిచ్చినది. ఇంతకంటె గొప్ప గ్రామవైద్యమేమి కలదు?

విషము తలకెక్కినవానిని బండిమీద వేసికొని పట్టణపు ఆసుపత్రికి చేర్తురు. అట్రోపిన్ సూదిమందు ప్రాణమును నిలుపును. ప్రాణము నిలిచినవాడు వారము దినములకు మరల ఆ చేనికే పోవును, ఆ డబ్బానే భుజమున వేసికొనును. వైద్యుని చేయి అంతవరకే సాగును. పోనీ, రైతు ఒంటరిగ మానుకొనజాలునా? పురుగునకు గట్టు తెలియదు. నా చేనిలో మందు మానినచో పొరుగు చేనినుండి పురుగు వచ్చిపడునని అతని భయము. పంట చేతికి రాకమునుపే అప్పు ఇచ్చినవానికి మాట యిచ్చి యుండును. కావున ఈ రోగమునకు మందు ఒక్కని చేతిలో లేదు. ఊరి చేతిలో నున్నది.

ఊరు తలచినచో ఏమి చేయగలదో ఉమ్మడి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలములోని పునుకుల చూపినది. ప్రత్తి పండించు ఆ గ్రామమున 1999లో కొలదిమంది రైతులు పురుగుమందు మానిరి. 2004 నాటికి ఊరంతయు మానినది. మందు అమ్ముకొనుటకు తమ యూరికి రావలదని పంచాయతీ తీర్మానించెను. వేపగింజలు ఏరి పొడిచేయు పని స్త్రీలకు జీవనోపాధియయ్యెను. ఆ తరువాత 2004-05 నుండి పేదరిక నిర్మూలన సంస్థ ఈ మార్గమును మహిళా సమాఖ్యల ద్వారా జిల్లాలకు విస్తరింపజేసెను. ఆముదము, బంతి ఎరపైరులుగ వేయుట, లింగాకర్షక బుట్టలు కట్టుట, పక్షులు వాలుటకు కొమ్మలు నాటుట, వేపకషాయము చల్లుట మున్నగునవి పల్లెపల్లెకు పాకినవి. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము దీనికి కొనసాగింపే. చేసి చూపిన రైతే తోడిరైతునకు గురువగుట దీని పద్ధతి. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానమును మఱియిరువురితో పాటు ఈ కార్యక్రమము పంచుకొన్నది.

ఇందు కష్టములు లేవని మేమనము. కషాయము కాచుటకు శ్రమ యెక్కువ. కూలి ఖర్చు కలదు. మిరపవంటి పంటలో తామరపురుగు ఉద్ధృతముగ వచ్చినపుడు రైతు గుండె నిలుచుట సులభము కాదు. సర్కారు లెక్కలలో నిండిన గ్రామములన్నియు నిజముగ మాఱినవను భ్రమయు మాకు లేదు. పైనుండి వచ్చు ఆజ్ఞ యెంత చేటో పొరుగున నున్న శ్రీలంక మనకు నేర్పినది. 2021లో ఆ ప్రభుత్వము రసాయనపుటెరువులను, మందులను ఒక్క కలపుపోటుతో నిషేధించి, దిగుబడులు పడిపోయి ప్రజలు మొఱపెట్టగా, ఆ యేడు నవంబరులోనే వెనుకకు మరలెను. పునుకుల యైదేండ్లలో సాధించినదానిని లంక యేడు నెలలలో పోగొట్టుకొన్నది. ఒకచోట ఊరు తన కన్నులతో చూచి నమ్మినది. వేఱొకచోట ఊరిని అడిగినవారే లేరు.

కావున మేము కోరునది క్రొత్త పథకము కాదు. ఉన్నదానిని ఊరి చేతికిమ్మనియే మా మనవి. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద గ్రామమునకొక ఆరోగ్య, పారిశుద్ధ్య సంఘమును, దానికి ఏటేట 10,000 రూపాయల స్వేచ్ఛానిధియు ఏర్పరచిరి. ఆ సొమ్ముతో ప్రత్తి, మిరప పండించు ప్రతి యూర ఒక పుస్తకము తెరువవచ్చును. ఏనాడు ఎవరు ఏ మందు చల్లిరి, ఎవరికేమి బాధ కలిగినది, మహిళాసంఘమువారు ఆశా కార్యకర్తతో కలిసి అందు వ్రాయవలెను. పంటకాలము చివర దానిని గ్రామసభలో బిగ్గరగ చదువవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడును, వ్యవసాయాధికారియు ఆ సభలో కూర్చుండి వినవలెను. తమ యింటివారి బాధ అంకెలుగ చెవిని బడినపుడు ఊరు తానే నిర్ణయించుకొనును.

ఊరికి ఆ శక్తి కలదా యని శంకించువారికి ఈ సీమయే బదులు చెప్పును. 1921లో మునిసిపాలిటీ పన్నుల భారమును సహింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల–పేరాల ప్రజలు ఇండ్లువాకిండ్లు విడిచి, రామనగరమున పాకలలో పదునొకండు నెలలు గడపిరి. ఒక్కని వలన కానిది ఊరి వలన నయ్యెను. నేడు మన రైతులను ఇల్లు విడువుమని ఎవరును కోరుట లేదు. భుజముమీది విషపుడబ్బాను దింపుకొనుమని మాత్రమే కోరుచున్నాము. ఆ పుస్తకపు తొలిపుట ఈ పంటకాలముననే వ్రాయబడుగాక.