ఓడపట్టికలలోని తెలుఁగూళ్లు

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ యను నావ చెన్నపట్టణమునుండి కూలివారిఁ గొనివచ్చి, దక్షిణాఫ్రికయందలి నేటాలు దేశపు రేవగు డర్బనునకుఁ జేరెను. నాఁటినుండి 1911 వఱకు నించుమించు 1,52,000 మంది భారతీయు లొడంబడికపై నచ్చటికిఁ బోయిరి. అందుఁ దెలుఁగువారును బెక్కండ్రు. వారి సంతతివారిలో ననేకులకు నేఁడు ముత్తాత యూరు తెలియదు. దానిఁ దెలిసికొనుటకుఁ బ్రధానాధారము ప్రతి నావకును వేఱుగ వ్రాయఁబడిన పట్టికయే.

పట్టికలో నొక్కొక్కనికి సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముపైఁ గల గుఱుతులు వ్రాయఁబడినవి. వీనిలో సంఖ్యయే ముఖ్యము. అప్పన్న, రామన్న యనువారు పెక్కండ్రు గలరు. సంఖ్య మాత్ర మొక్కనిదే. అది వివాహాది లేఖ్యములందును మరల వచ్చుచుండును గావున, ముందుగా నింటఁ గల పాతకాగితములలో దాని వెదకవలయును. ఇంటిపేరును నమ్ముట తగదు. నేటాలులోఁ దండ్రిపేరో, నాయుఁడు, రెడ్డి యను బిరుదమో వంశనామముగ నిలిచినది. అసలు ఇంటిపేరు పలువుర విషయమున మఱుఁగుపడినది.

చిక్కంతయు గ్రామనామమునందుఁ గలదు. వ్రాయసకాఁడు తన చెవికి వినఁబడిన దాని నింగ్లీషు లిపిలో వ్రాసెను. ఆ లిపి ట-త, డ-ద, ణ-న, ళ-ల భేదములను గాని, హ్రస్వదీర్ఘభేదమును గాని తిన్నగాఁ జూపఁజాలదు. దృష్టాంతమునకు సంగారెడ్డి ప్రాంతమందలి పటేల్‌గూడ పేరును జూచినఁ జాలును. దాని నింగ్లీషున వ్రాసి యూరెఱుఁగనివాని చేతి కిచ్చినచో గూడ, గుడ, గూద, గుద యని నాలుగు విధములఁ జదువును. తెలుఁగెఱిఁగిన పండితుఁ డట్లు చదువఁడు. పటేలు నైజాము సీమలో గ్రామాధికారి పేరనియు, సర్కారులలో నయినచో మునసబనియు నెఱుంగును. వలస యని ముగియు నూళ్లు శ్రీకాకుళ విజయనగర ప్రాంతములందు మెండు. లంక యనునవి గోదావరీతీరమున మెండు. లిపి కప్పివేసిన దానిని నిట్టి యంత్యపదములు కొంత బయలుపఱచును. ఈ పని కింగ్లీషు పాండిత్యముకంటె దేశీయపదజ్ఞానమే యెక్కువగఁ గావలసియున్నది.

జిల్లాపేరును నేఁటి పటముతోఁ బోల్చుటయుఁ బ్రమాదకరమే. పటేల్‌గూడయే 2016 వఱకు మెదకు జిల్లాలో నుండెను. శ్రీకాకుళము 1950లోను, విజయనగరము 1979లోను జిల్లాలయినవి. టెక్కలి, సోంపేట నాఁడు గంజామునకుఁ జెందినవి. గుంటూరు 1859 మొదలు 1904 వఱకుఁ గృష్ణాజిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో నేర్పడుటకు ముందు చిత్తూరు పట్టణ ముత్తరార్కాటులోనిది; కావున ఉత్తరార్కాటను మాటఁ జూచి యా మనుష్యుఁ డఱవవాఁడని త్రోసివేయరాదు. రేవునుబట్టి నిర్ణయించుట యంతకంటెను దప్పు: చెన్నపట్టణమున నోడ యెక్కినవాఁడు చెన్నపట్టణపువాఁడు గానక్కఱలేదు.

గ్రామము దొరకినంతనే యచ్చటివారిని జ్ఞాతులని పలుకరింపరాదు. ఒక తాలూకాలోనే యొకే పేరుగల యూళ్లు రెండుండవచ్చును. తండ్రిపేరు, కులము, ఇంట వినుచు వచ్చిన కులదేవత పేరు, ఇవి మూఁడును పొసఁగు నూరినే మొదట విచారింపవలయును.