మన పెరట్లో మనతో పాటు ఎవరున్నారు?

మూడేళ్ల క్రితం మే నెలలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగించుకొని అందరమూ వరండాలో పడకలు సిద్ధం చేసుకుంటున్నాము. కరెంటు లేదు. లాంతరు వెలుగులో గోడ మీద ఏదో కదిలింది. గోధుమ రంగు శరీరం, దాని మీద అడ్డంగా తెల్లని పట్టీలు. "కట్లపాము! పిల్లల్ని లోపలికి తీసుకుపొండి!" అని దాదీమా కేక వేశారు. చాచా కర్ర అందుకున్నారు. రెండు నిమిషాలలో అంతా అయిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

తెల్లవారిన తరువాత పక్క వీధిలో ఉండే సైన్సు మాస్టారు వచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. చచ్చిన పామును పుల్లతో తిప్పి చూసి, కాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత నెమ్మదిగా చెప్పారు: "భాయ్, ఇది కట్లపాము కాదు. విషం లేని పాము. రాత్రిపూట బల్లుల కోసం గోడలెక్కి తిరుగుతుంది. దీనికి ఆంగ్లంలో తోడేలు పేరు పెట్టారు గానీ, దీని వల్ల మనిషికి ప్రాణభయం లేదు."

ఆయన చూపించిన తేడా ఇది. ఈ పాముకు పట్టీలు మెడ దగ్గరే మొదలవుతాయి, అక్కడ వెడల్పుగా ఉంటాయి, తోక వైపు వెళ్లే కొద్దీ మసకబారిపోతాయి. కట్లపాముకు ఇందుకు విరుద్ధం. నల్లగా నిగనిగలాడే దాని శరీరం మీద సన్నని తెల్లని గీతలు చాలాచోట్ల జంటలు జంటలుగా ఉంటాయి. అవి తలకు కొంత దూరంలో మొదలై తోక వైపు స్పష్టంగా కనిపిస్తాయి. వెన్ను మీది పొలుసులు ఆరు పలకలుగా, మిగిలిన పొలుసుల కన్నా పెద్దవిగా ఉంటాయి. ఇంత చెప్పి ఆయన ఒక హెచ్చరిక కూడా చేశారు: "ఇవన్నీ చచ్చిన పామును పగటి వెలుగులో చూసినప్పటి లెక్కలు. చీకట్లో, బతికి ఉన్న పాము దగ్గర ఈ లెక్కలు వేయకండి. పట్టీలున్న పాము కనిపిస్తే విషమున్నదనే అనుకొని దూరం జరగండి."

విషం లేని ప్రాణిని చంపామన్న బాధ కన్నా, దాదీమాకు భయమే ఎక్కువైంది. "ఈసారి ఇది వచ్చింది, రేపు నిజమైనదే వస్తుంది" అన్నారు. ఆ మాటలోనూ అబద్ధం లేదు. మా ఇల్లు కడప జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఉంది. ఇంటి వెనుక పాతిక అడుగుల పెరడు. అందులో ఒక వేప, రెండు జామచెట్లు, మునగ, కట్టెల మోపు. ఇల్లు బాగు చేయించినప్పుడు మిగిలిన కడప బండలు గోడకు ఆనించి పేర్చి ఉన్నాయి. చెట్లు కొట్టించి పెరడంతా సిమెంటు పోయించాలని నిర్ణయమైంది. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు.

"ఒక్క నెల ఆగండి భాయ్" అన్నారు మాస్టారు. "ఆ పెరట్లో మీతో పాటు ఎవరెవరు ఉంటున్నారో చూసి, ఆ తరువాతే పోయించండి."

అబ్బా ఒప్పుకున్నారు. మర్యాద కోసం ఒప్పుకున్నారని మా అనుమానం. పిల్లల కోసం ఒక నోటుపుస్తకం కొన్నాము. చూసిన ప్రాణి, చూసిన సమయం, అది చేస్తున్న పని రాయాలి. పేరు తెలియకపోతే బొమ్మ గీయాలి. అంతే నియమం.

మొదటి వారం పిల్లలు కాకి, ఉడుత, గోరింక అని రాసి విసిగిపోయారు. అప్పుడు మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. రాత్రి పడుకునే ముందు పొయ్యిలోని మెత్తని బూడిదను జల్లించి, జామచెట్టు కింద నాలుగు అడుగుల మేర పలుచగా చల్లాము. ఫజర్ నమాజు తరువాత అందరమూ వెళ్లి చూశాము. దాని మీద గుండ్రని చిన్న అడుగులున్నాయి. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేదు. అది మా వీధి పిల్లి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. కాని దాని పక్కనే మరో వరుస అడుగులున్నాయి. వీటికి ఐదేసి వేళ్లు!

ఐదు వేళ్ల అతిథి ఎవరో తెలుసుకోవడానికి పది రోజులు పట్టింది. మొదటి ఆధారం ప్రహరీ గోడ మీద దొరికింది. అక్కడ ఒకే చోట రోజూ పెంటికలు కనబడేవి. వాటి నిండా జామగింజలు, సపోటా గింజలు. మా పెరట్లో సపోటా లేదు. రెండిళ్ల అవతల ఉంది. టార్చిలైటు అద్దానికి ఎర్ర కాగితం చుట్టి, డాబా మీద చప్పుడు చేయకుండా కూర్చున్నాము. ఎర్ర వెలుగు రాత్రి తిరిగే జంతువులను అంతగా బెదరగొట్టదు. పదకొండు దాటాక జామకొమ్మ మీద రెండు కళ్లు మెరిశాయి. పొడవైన తోక, నల్లని ముఖం, పిల్లి కన్నా సాగిన శరీరం. అది మానుపిల్లి. తాటిచెట్ల మీద, పాత ఇళ్ల అటకల మీద పగలంతా పడుకొని, రాత్రి పండ్లు, ఎలుకలు, పురుగులు తిని బతికే జంతువు. పండు తిని గింజలను ఊరంతా విత్తుతుంది. ఇన్నేళ్లుగా మిద్దె మీద రాత్రిపూట వినబడే అడుగుల చప్పుడుకు దాదీమా ఏవేవో కారణాలు చెప్పేవారు. ఆ రాత్రి ఆమె కూడా డాబా ఎక్కి చూశారు. "ఇదా ఇన్నాళ్లూ నన్ను నిద్ర పోనివ్వనిది!" అన్నారు.

ఆ తరువాత నోటుపుస్తకం పిల్లలదిగా మిగలలేదు. అమ్మీ వంటగది కిటికీ దగ్గరే పెన్సిలు పెట్టుకున్నారు. గిన్నెలు తోముతూ ఆమె చూసినంత మేమెవ్వరమూ చూడలేదు. ఆడ తేనెపిట్ట సాలెగూటి దారాలతో పీచును అతికించి దండెం చివర సంచీలాంటి గూడు అల్లడం, మగది పని ముట్టకుండా పక్కన కూర్చొని పాడడం ఆమె రాసినవే. ఆ మగపిట్ట గురించి ఆమె పక్కన ఇంకేదో రాసి కొట్టివేశారు. వానకాలం మొదట్లో గోడవారగా ఒక చుంచు, దాని వెనుక ఒకదాని తోక దగ్గర మరొకటి నోటితో పట్టుకొని వరుసగా పిల్లలు పోవడం చూసి ఇల్లంతా పిలిచారు. చుంచును చూసి ఎలుక అనుకుంటాము గాని, అది ఎలుక జాతి కాదు. దాని ఆహారంలో ఎక్కువ భాగం బొద్దింకలు, ఇతర పురుగులు. ఆ దుర్వాసనే లేకపోతే దాన్ని ఇంకాస్త ప్రేమించేవాళ్లమేమో.

అన్నీ ముచ్చట గొలిపేవే కావు. పగటిపూట తిరిగే ముంగిస జంట మా కోడిపిల్లలను రెండింటిని ఎత్తుకుపోయింది. దాని కోసం గంప మూత బిగించుకోవలసి వచ్చింది. గబ్బిలాలు కొరికి పడేసిన జామకాయలను పిల్లలు ఏరుకొని తినే అలవాటు మాన్పించాము. గబ్బిలాల లాలాజలం తగిలిన పండ్ల ద్వారా నిపా వంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉంది. 2018లో కేరళను ఆ వ్యాధి ఎంత వణికించిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పంటి గాటు ఉన్న పండు ఎంత తియ్యనిదైనా పారవేయవలసిందే. అయితే అందుకని గబ్బిలాలను తరమవలసిన పని లేదు. చెట్ల పూలకు పరాగం మోసేది, గింజలను దూరాలకు చేర్చేది కూడా అవే.

వేపచెట్టు తొర్రలో గోరింకంత గుడ్లగూబ ఒకటి ఉన్నదని మూడో వారంలో తెలిసింది. మగ్రిబ్ వేళకు తొర్ర బయటకు వచ్చి, మమ్మల్ని చూసి తల పైకీ కిందికీ ఆడించేది. ఇది తెలిసి చుట్టుపక్కల వారు ఇద్దరు ముగ్గురు వచ్చి, "ఇంటి మీద గుడ్లగూబ కూర్చోవడం కీడు, తొర్ర మూయించండి" అని సలహా ఇచ్చారు. వచ్చిన వారిలో మనవాళ్లూ ఉన్నారు. దాదీమా దీనికి మాత్రం తడుముకోలేదు. ఇస్లాంకు పూర్వం అరబ్బులు కూడా 'హామా' అనే పక్షిని, గుడ్లగూబను మృత్యువుకు ముడిపెట్టి భయపడేవారు. దైవప్రవక్త (స) ఆ నమ్మకాన్ని, పక్షులతో శకునాలు చూసే అలవాటును స్పష్టంగా తోసిపుచ్చారు. హదీసు గ్రంథాలలో ఈ విషయం ఉన్నదని ఆమె వారికి చెప్పి, చాయ్ ఇచ్చి పంపారు. పాములంటే వణికే మనిషి గుడ్లగూబ విషయంలో ఇంత ధైర్యంగా నిలబడతారని మేము అనుకోలేదు. తొర్ర కింద ఏరిన మిడతల కాళ్లు, ఎలుకల చిన్న ఎముకలు పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకున్నారు.

నెల గడిచింది. మేస్త్రీ మళ్లీ అడిగాడు. వానలు తగ్గాక చూద్దామని అబ్బా వాయిదా వేశారు.

ఆగస్టులో దాదీమా అన్న మాట నిజమైంది. తెల్లవారుజామున వజూ కోసం లేచిన చాచా, కడప బండల పక్కన నల్లని పామును చూశారు. నిగనిగలాడే శరీరం, సన్నని జంట గీతలు. ఈసారి కర్ర అందుకోలేదు. పిల్లలను లోపల ఉంచి, దూరం నుండి టార్చి వేసి చూస్తూ, మాస్టారుకు ఫోను చేశారు. ఆయన ద్వారా పాములు పట్టే మనిషి వచ్చి, పొడవాటి కొక్కెంతో దాన్ని సంచిలోకి దించి తీసుకువెళ్లాడు. అది కట్లపామే. బండలను జరిపి చూస్తే, కింద ఎలుకల బొరియలు ఉన్నాయి. బియ్యం గదిలోని నూకలకు ఎలుకలు, ఎలుకలకు పాము. పామును పిలిచింది చెట్లు కావు, మా నిర్లక్ష్యమేనని ఆనాడు తెలిసింది.

కట్లపాము గురించి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండవలసిన సంగతి ఒకటుంది. ఇది రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్న వారిని నిద్రలో కాటు వేస్తుంది. కాటు చీమ కుట్టినట్టే ఉండవచ్చు, వాపు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలై, చివరకు ఊపిరి ఆడదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి ఉదయం కారణం లేని కడుపునొప్పి, రెప్పల బరువు కనిపిస్తే పాముకాటును అనుమానించి, 108కు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం హాని చేస్తాయి. కాటు పడిన కాలిని లేదా చేతిని కదలకుండా ఉంచి ప్రయాణం చేయించాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పని చేస్తుంది. అందువల్ల పామును చంపి డాక్టరు దగ్గరికి మోసుకుపోనవసరం లేదు. మన దేశంలో 2000 నుండి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని పరిశోధకులు అంచనా వేశారు. ఎక్కువ మరణాలు సంభవించిన రాష్ట్రాలలో మన తెలుగు ప్రాంతాలు కూడా ఉన్నాయి. వారిలో అధికులు పల్లె ప్రజలు.

ఆ వారమే అబ్బా మేస్త్రీని పిలిపించారు. వరండా చుట్టూ నాలుగడుగుల మేర మాత్రం సిమెంటు పోయించారు. కడప బండలు అమ్మేశాము. కట్టెలను నేలకు అడుగున్నర ఎత్తులో ఇనుప స్టాండు మీద పేర్చాము. గుమ్మాల కింది సందులు మూయించాము. బియ్యం డబ్బాలకు గట్టి మూతలు వచ్చాయి. అందరికీ మంచాలు, మంచాలకు దోమతెరలు. తెర అంచులను పరుపు కింద దోపుకుంటే పాము కూడా లోపలికి రాలేదు. చెట్లు కొట్టించలేదు. వేపతొర్ర అలాగే ఉంది. ఈ ఏర్పాటుకు అయిన ఖర్చు, పెరడంతా సిమెంటు పోయించడానికి మేస్త్రీ చెప్పిన దానిలో సగం కూడా కాలేదు.

దాదీమా భయం మాత్రం పోలేదు. పోవాలని మేము ఆశించనూ లేదు. జెర్రిపోతు కనిపించినా ఆమె వణుకుతారు. అది నాగుపాముతో జత కడుతుందని, తోకతో కొడితే ఒళ్లు కుళ్లుతుందని చిన్ననాడు విన్న మాటలను ఇంకా నమ్ముతారు. ఆ రెండూ నిజం కావని మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి ఊరుకుంటారు. కాని కర్ర తెమ్మని కేక వేయరు. "ఎలుకల కోసం వచ్చింది, పోనివ్వండి" అంటారు, రెండు కాళ్లూ మంచం మీద పెట్టుకొని. జెర్రిపోతు, నాగుపాము, ఉడుము, ముంగిస వంటి వాటిని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని ఈ సందర్భంలో గుర్తు చేయాలి. ఈ సంగతి మాకు ఆ మే నెల రాత్రి తెలియదు.

ఇప్పుడు మూడో నోటుపుస్తకం నడుస్తోంది. గత డిసెంబరులో ఒక ఉదయం చిన్నవాడు పరుగున వచ్చి, తలపై కిరీటమున్న పిట్ట నేలను ముక్కుతో పొడుస్తోందని చెప్పాడు. తేనె రంగు శరీరం, నలుపు తెలుపు చారల రెక్కలు, పొడవైన వంపు ముక్కు. తెలుగులో కూకుడు గువ్వ అంటారు. ఖుర్ఆన్‌లో సులైమాన్ (అ) వద్దకు సబా దేశపు వార్త తెచ్చిన హుద్‌హుద్ ఇదేనని అమ్మీ చెప్పగానే, వాడు మళ్లీ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికి అది మునగచెట్టు దాటి వెళ్లిపోయింది. పుస్తకంలో వాడి రాత ఇలా ఉంది: "హుద్‌హుద్. ఉదయం 7.10. పురుగు తిన్నది. మళ్లీ రావాలి."