పొట్టి పగళ్లు – మంచు వేళ పనులు

డిసెంబరు చివర మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో పగలు సుమారు 11 గంటల 10 నిమిషములే. జూన్‌లో 13 గంటలు. సంక్రాంతి నాటికి పగలు పెరుగుచున్నను ఆ పెరుగుదల సాయంత్రమునకే చేరును. జనవరి మూడవ వారము వరకు ప్రొద్దు ఆలస్యముగనే పొడుచును. పైగా ఆకుపై మంచు ఆరువరకు మందు చల్లరాదు. మందు పలచబడి జారిపోవును.

అట్లని ప్రొద్దుట పండుకొనవలదు. పండిన కందిని మంచు పదునులోనే కోయవలెను. ఎండెక్కిన పిదప కోసినచో కాయ పగిలి గింజ నేలపాలగును. కోసిన కట్టలను బాగుగా ఎండబెట్టి కొట్టవలెను.

శనగ చేనిలో పచ్చపురుగు జాడ చూడవలెను. మందు చల్లని చేలో ఆకుమంచు నాలుకకు పుల్లగా తగులును. ఆకు స్రవించు మాలిక్ ఆమ్లమే కారణము. నల్లమల కొనలు ఎర్రబారు ఆ వేళ చేనిలో నుండుట మాకు ఇష్టము కూడ. పురుగు కనబడినచో మందు పని ఆకు ఆరిన పిదప పెట్టుకొనుడు.